సాబా ఐలాండ్‌లో స్కూబా: ఖర్చు తడిసి మోపెడే, కానీ...

కరీబియన్‌లో సాబా అని నెదర్లాండ్స్ వాళ్ల బుల్లి దీవి, మొత్తం కలిపి 13 చదరపు కిలోమీటర్లేనండి. వైజాగ్ నుంచి వెళ్లాలంటే ఫ్లైట్లు మారీ మారీ ఓపిక అయిపోద్ది, చివర్లో సెయింట్ మార్టిన్ నుంచి చిన్న విమానం, అది దిగే రన్‌వే సుమారు 400 మీటర్లే, రెండు చివరలా సముద్రమే, మా ఆవిడైతే కళ్లు మూసుకుని సింహాద్రి అప్పన్నని తలుచుకుంటానే ఉంది.

డైవింగ్ మాత్రం సూపర్. మన రుషికొండలో మసక నీళ్లకి అలవాటు పడ్డోళ్లు ఇక్కడ దిగితే దిమ్మతిరిగిపోద్ది. అగ్నిపర్వతం దీవి కదా, సముద్రం అడుగు నుంచి రాతి స్తంభాలు నిటారుగా లేచి ఉంటాయి, వాటినిండా పగడాలు, స్పాంజీలు, పక్కనే తాబేళ్లు, నర్స్ షార్కులు. 1987 నుంచి దీవి చుట్టూ మెరైన్ పార్కే (కాపాడుకునే సముద్ర ప్రాంతం), పడవలు లంగరు వెయ్యకుండా బోయాలకి, అంటే నీళ్లమీద తేలే బుడ్డలకి, కట్టేస్తారు, అందుకే పగడాలు బతికున్నాయి. పిన్నకిల్స్ అనే నిటారు రాతి శిఖరాలున్న చోట్ల లోతు ఎక్కువ, బిగినర్స్ వాటి జోలికెళ్లొద్దు.

డైవ్ షాపు వాళ్లు బ్రీఫింగ్ ఓపిగ్గా చెప్పారు గానీ అద్దె వెట్‌సూట్ (నీళ్లలో వేసుకునే రబ్బరు డ్రెస్సు) కంపు, మాస్క్ అయినా సొంతది పట్టుకెళ్లండి. బీచ్ కోసమైతే వెళ్లకండి, అక్కడ ఇసక దాదాపు లేనట్టే, ఆర్కే బీచ్ లాంటిది కల్లో కూడా ఉండదు. ఇంకోటి, డైవ్ చేసిన వెంటనే ఫ్లైట్ ఎక్కితే ఒంటికి ప్రమాదం, కాబట్టి ఆఖరి డైవ్‌కీ రిటర్న్ ఫ్లైట్‌కీ కనీసం 18 గంటలు గ్యాప్ ఉంచుకుని టికెట్లు చేసుకోండి.