సీహెంజ్ అసలు కర్రలు చూడాలంటే కింగ్స్ లిన్ వెళ్ళండి: లిన్ మ్యూజియం రివ్యూ

యూకేలో ఉండే మనవాళ్ళలో స్టోన్‌హెంజ్ చూడనివాళ్ళు తక్కువ, ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాం. కానీ ఆ పెద్ద రాళ్ళు నిలబెట్టిన కొన్ని వందల ఏళ్ళకి, అదే దేశంలో తూర్పు తీరాన, ఓక్ చెట్లు కొట్టి చెక్కతో కట్టిన సీహెంజ్ అనే ఒక వలయం ఉంది, అది నాలుగు వేల ఏళ్ళు దాటినా చెక్కుచెదరకుండా దొరికింది అంటే చాలామందికి తెలీదు. ఆ అసలు కర్రలు ఇప్పుడు నార్ఫోక్‌లో కింగ్స్ లిన్ అనే ఊళ్ళో లిన్ మ్యూజియంలో ఉన్నాయి. నా రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి ఐదు.

ముందు కథ కొంచెం తెలిస్తే అక్కడ చూసేదానికి విలువ పెరుగుతుంది. 1998లో హోమ్ నెక్స్ట్ ద సీ అనే పల్లె దగ్గర బీచ్‌లో ఇసుక, దాని కింద ఉన్న పాత నల్లమట్టి కోసుకుపోతుంటే గుండ్రంగా కర్రల తలలు బయటపడ్డాయి. మొత్తం 55 ఓక్ గుంజలు, దగ్గరదగ్గరగా పాతేసి, మధ్యలో ఒక పెద్ద ఓక్ మొద్దు తలకిందులుగా, వేళ్ళు ఆకాశంలోకి. కట్టినప్పుడు అది బీచ్ కాదండీ, సముద్రానికి వెనకాల ఉండే ఉప్పు చిత్తడి నేల. తర్వాత దాని మీద పీట్ మట్టి (చిత్తడిలో చచ్చిన మొక్కలు పేరుకుని ఏర్పడే నల్లమట్టి) పేరుకుని గాలి తగలకుండా మూసేసింది, అందుకే కుళ్ళలేదు. సముద్రం లోపలికి జరుగుతూ జరుగుతూ చివరికి దాన్ని మళ్ళీ బయటపెట్టింది. అంటే ఇన్నాళ్ళూ కాపాడిన మట్టిని అదే సముద్రం కోసేస్తోంది, బయటపడిన రోజు నుంచే కర్రకి గడువు మొదలైనట్టు.

మ్యూజియం పెద్దదేం కాదు, పాత బాప్టిస్ట్ చాపెల్ బిల్డింగ్‌లో ఉంటుంది. సీహెంజ్ గ్యాలరీ 2008లో తెరిచారు. అక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే అసలు కర్రలతో పాటు అదే సైజులో కట్టిన నమూనా వలయం కూడా ఉంది, దాని లోపలికి వెళ్ళి నిలబడొచ్చు. వలయం అడ్డంగా ఆరేడు మీటర్లే, అంకెగా వింటే చిన్నదే అనిపిస్తుంది, లోపల నిలబడితే మాత్రం బయట ప్రపంచం మొత్తం తెగిపోయినట్టుంటుంది, ఎందుకంటే గుంజల మధ్య సందులు దాదాపు లేవు. దుంగల్ని నిలువునా చీల్చి, బెరడు వైపు బయటికి, చీల్చిన తెల్లటి వైపు లోపలికి పెట్టారు. బయట నుంచి చూస్తే ఒక మహా వృక్షం మానులా కనపడాలని, లోపలికొస్తే ఆ చెట్టు కడుపులో ఉన్నట్టుండాలని అలా పెట్టారేమో అని నాకనిపించింది. లోపలికి దారి కూడా వై ఆకారంలో చీలిన ఒక గుంజ సందులోంచే, చాలా ఇరుకు. పని చేసిన మనిషికి ప్లాన్ స్పష్టంగా ఉంది.

తర్వాత అసలు కర్రల దగ్గరికి రండి. అన్నీ ప్రదర్శనలో లేవు, సగం దాకా ఉన్నాయి, అద్దం వెనకాల అసలు ఉన్న క్రమంలోనే నిలబెట్టారు. ఇక్కడ ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యండి, గబగబా ఫోటో తీసుకుని వెళ్ళిపోకుండా ఒక కర్ర ఎంచుకుని, మొదలు దగ్గర చెక్కిన చోట కళ్ళు పెట్టి చూడండి. గొడ్డలి గాట్లు కనపడతాయి, ఒకదాని పక్కన ఒకటి, చిన్న చిన్న పల్లాలుగా, ఏ వైపు నుంచి దెబ్బ పడిందో కూడా తెలిసిపోతుంది. చిత్రిక బ్లేడుకి నొక్కు పడితే చెక్క మీద ప్రతిసారీ అదే చోట గీత వస్తుంది కదా, అలాగే ప్రతి కంచు గొడ్డలికీ దాని సొంత గీత ఉంటుంది. ఆ గీతలు పోల్చి చూసి కనీసం 50 వేర్వేరు గొడ్డళ్ళు వాడారని తేల్చారు. అప్పటికి బ్రిటన్‌లోకి కంచు వచ్చి ఎక్కువ కాలం కాలేదు, అంటే అంత విలువైన పనిముట్లు అన్ని ఒక్కచోటికి వచ్చాయంటే చుట్టుపక్కల జనం అంతా కలిసి చేసిన పని అన్నమాట. నేను ఆ ఒక్క కర్ర ముందే చాలాసేపు ఉండిపోయా.

ఇంకో విషయం, తేదీ. చెట్టు మానులో ఏటా ఒకటి చొప్పున పడే వలయాలు లెక్కపెట్టి, చెక్కలోని కార్బన్‌ని బట్టి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి కూడా కలిపి, ఆ గుంజల చెట్లని క్రీ.పూ. 2049లో వసంతంలోనో వేసవి మొదట్లోనో కొట్టారని చెప్పగలిగారు. ఏదో శతాబ్దం అని కాదు, సంవత్సరం, సీజన్‌తో సహా! రాయి ఈ మాట చెప్పలేదు, చెక్కే చెప్పగలదు.

వలయం మధ్యలో ఉన్న మొద్దుని కూడా తర్వాత మ్యూజియంలోకి తెచ్చి పెట్టారు, దాన్ని మిస్ అవ్వొద్దు. బెరడు మొత్తం ఒలిచేసి ఉంటుంది, లాగడానికి కన్నాలు తొలిచారు, తవ్వినప్పుడు ఆ కన్నాల్లో హనీసకుల్ తీగలు పేని చేసిన మోకు ఇంకా ఉంది. అడవి తీగతో మోకు పేని, అంత బరువు మొద్దుని బురదలో ఈడ్చుకొచ్చి, తిరగేసి గోతిలో దించారు. ఎందుకో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. చనిపోయినవాళ్ళని ఉంచడానికని కొందరంటారు, 2024లో అబర్డీన్ యూనివర్సిటీ పరిశోధకుడొకరు అప్పటి విపరీతమైన చలికాలాల వల్ల వేసవిని నిలుపుకోడానికి చేసిన క్రతువు అని రాశారు. నాకు ఆ మొద్దు చూశాక రెండూ నమ్మబుద్ధయ్యాయి.

1999లో దీన్ని బీచ్ నుంచి తీస్తున్నప్పుడు పెద్ద గొడవ జరిగింది. డ్రూయిడ్లు (ప్రాచీన ప్రకృతి ఆరాధనని ఇప్పుడు పాటించేవాళ్ళు), ఊరివాళ్ళలో కొందరు, ఇది పవిత్రమైంది, ఇక్కడే వదిలెయ్యండి అని అడ్డం నిలబడ్డారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కట్టినవాళ్ళు మ్యూజియం కోసం కట్టలేదు. అయినా తియ్యడమే కరెక్ట్ అని నా అభిప్రాయం, గట్టిగానే చెప్తున్నా. ఎందుకంటే కొంచెం దూరంలోనే రెండో వలయం ఒకటి ఉంది, అది కూడా అదే క్రీ.పూ. 2049 నాటిదని తర్వాత తేలింది, దాన్ని మాత్రం తియ్యకుండా వదిలేశారు, దాని మధ్యలో ఉన్న రెండు దుంగల్ని సముద్రం ఎత్తుకుపోయింది. మనకి ఆ గాట్లు చూసే అవకాశం ఇక లేదు. ఇక్కడ మాత్రం పోటు తగ్గిన కొద్ది గంటల్లోనే పని చేస్తూ తీసి, ఫ్లాగ్ ఫెన్ అనే పురావస్తు కేంద్రంలో నీళ్ళ తొట్లలో ఉంచి, పోర్ట్స్‌మత్‌లో మేరీ రోజ్ అనే, సముద్రం అడుగు నుంచి తీసిన పాత యుద్ధనౌకని కాపాడినవాళ్ళ దగ్గరికి పంపి, కర్రలో నీళ్ళ బదులు మైనం లాంటి పదార్థం ఎక్కించి, ఫ్రీజ్ డ్రై చేసి నిలబెట్టారు. ఏళ్ళు పట్టిన పని. అలా చెయ్యకుండా ఊరికే ఎండబెడితే ఆ కర్ర ముడుచుకుని పగిలిపోయేది.

ఇక వెళ్ళేవాళ్ళకి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్ మీదుగా కింగ్స్ లిన్‌కి డైరెక్ట్ ట్రైన్ ఉంది, స్టేషన్ నుంచి నడిచే దూరమే, బస్ స్టేషన్ పక్కనే మ్యూజియం. టికెట్లు, టైమింగ్స్ సీజన్‌ని బట్టి మారతాయి కాబట్టి బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి. రోజంతా పట్టే ప్లేస్ కాదు, ఒక పూట చాలు. పిల్లలుంటే ముందు నమూనా వలయంలోకి పంపండి, తర్వాత అసలు కర్రలు చూపిస్తే వాళ్ళే ప్రశ్నలు అడుగుతారు. కొంతమంది సీహెంజ్ అని మ్యాప్‌లో చూసి నేరుగా హోమ్ బీచ్‌కి వెళ్తుంటారు, బీచ్ చాలా బాగుంటుంది, పక్షులు కూడా, కానీ వలయం అక్కడ లేదు, కాబట్టి ముందు మ్యూజియం చూసుకుని టైముంటే హన్‌స్టాంటన్ వైపు బస్ ఎక్కి అటు వెళ్ళండి, వెళ్ళేముందు పోటు టైమింగ్స్ చూసుకోవడం మాత్రం మర్చిపోవద్దు, అక్కడ నీళ్ళు వెనకనుంచి త్వరగా వచ్చేస్తాయి.