తీరు లేని వరసల్లో కటౌట్లు: సాలిడ్‌వర్క్స్ స్కెచ్ డ్రివెన్ ప్యాటర్న్‌తో నా 8 ఏళ్ల అనుభవం

ఎలక్ట్రికల్ ప్యానెల్ డోర్‌ని దగ్గర నుంచి చూస్తే దాని మీద కన్నాలన్నీ సమాన దూరంలో ఉండవు. పైన రెండో మూడో మీటర్లు, వాటి కింద ఇండికేషన్ ల్యాంపులు, కాస్త పక్కకి సెలెక్టర్ స్విచ్, ఇంకో మూల ఎమర్జెన్సీ స్టాప్. లోపల బ్రేకరో కాంటాక్టరో అడ్డొస్తే బయట బటన్ పక్కకి జరగాల్సిందే. చర్లపల్లిలో ప్యానెల్ బోర్డులు చేసే ఒక షెడ్డులో 8 ఏళ్లుగా సాలిడ్‌వర్క్స్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ డోర్లే గీస్తున్నాను. ఒకే ఆకారాన్ని సమాన దూరంలో గీత వెంటో వృత్తం వెంటో కాపీ చేసే లీనియర్, సర్క్యులర్ ప్యాటర్న్‌లు ఎప్పుడో ఒకసారి పనికొస్తాయి. స్కెచ్‌లో పాయింట్ పెట్టిన ప్రతిచోటా కాపీ వేసే స్కెచ్ డ్రివెన్ ప్యాటర్న్ లేకుండా మాత్రం నాకు రోజు గడవదు.

గుండ్రటి కన్నాలకైతే ఇది అక్కర్లేదు. కన్నాలు వేసే హోల్ విజార్డ్ టూల్‌లో పొజిషన్స్‌కి వెళ్లి ఎన్ని పాయింట్లు పెడితే అన్ని కన్నాలు పడతాయి. చిక్కంతా గుండ్రంగా లేనివాటితోనే. 22 ఎంఎం పుష్ బటన్ సంగతే తీసుకోండి. కన్నం వ్యాసం 22.3, పైన 3.2 వెడల్పున చిన్న గాడి, గాడితో కలిపి ఎత్తు 24.1. బటన్ బాడీ డోర్‌లో గిర్రున తిరిగిపోకుండా పట్టి ఉంచేది ఆ గాడే. 96×96 మీటరుకేమో 92×92 చదరపు కటౌట్, అంటే రేకులో కోసిన ఖాళీ, కావాలి.

మొదట్లో నేను వీటన్నిటినీ ఒకే స్కెచ్‌లో గీసి, కాపీ చేసి, ఒక్కసారే కట్ చేసేవాణ్ణి. చూడ్డానికి సులువే. ఒకసారి కస్టమర్ బటన్ల మేక్ మార్చాడు, గాడి కొలత మారింది. 14 కన్నాలు ఒక్కోటి దిద్దుకుంటూ వెళ్లి ఒకటి వదిలేశాను. పౌడర్ కోటింగ్ కూడా అయిపోయాక, బిగించేటప్పుడు అది బయటపడింది. మా ఫిట్టర్ అన్న ఆకురాయి పట్టుకుని రంగు లేచిపోకుండా ఆ గాడిని ఎంత జాగ్రత్తగా అరగదీశాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మరుసటి రోజు నుంచే పద్ధతి మార్చుకున్నాను.

ఇప్పుడు ఆకారం ఒక చోట, స్థానాలు ఇంకో చోట. ఒక కన్నాన్ని మాత్రమే పూర్తి కొలతలతో కట్ చేస్తాను, అదే సీడ్, అంటే కాపీలన్నిటికీ మూలం. మిగతా స్థానాలకి విడిగా ఒక స్కెచ్ గీసి అందులో పాయింట్లు పెడతాను. కొలతలన్నీ డోర్ హింజ్ వైపు అంచు నుంచి, కింది అంచు నుంచి ఇస్తాను. ఒక బటన్‌కి పక్క బటన్ నుంచి కొలత ఇచ్చారంటే, ఒకదాన్ని కదిపితే వరసంతా దాని వెంటే పోతుంది. ఒకే వరసలో ఉండాల్సిన వాటికి హారిజాంటల్ రిలేషన్ ఇస్తే చాలు. గాడి మారితే సీడ్ మారుస్తాను, చోటు మారితే పాయింట్ జరుపుతాను. ఆ రెండూ ఒకదాని జోలికి ఒకటి రావు.

కొత్తవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సింది రిఫరెన్స్ పాయింట్, అంటే ఆకారంలోని ఏ బిందువు స్కెచ్ పాయింట్ మీద కూర్చోవాలన్నది. అక్కడ సెంట్రాయిడ్ (ఆకారం మొత్తం వైశాల్యానికి కేంద్రం), సెలెక్టెడ్ పాయింట్ (మనం ఎంచుకున్న బిందువు) అని రెండు ఆప్షన్లు ఉంటాయి. గాడి ఉన్న కన్నానికి సెంట్రాయిడ్ వృత్త కేంద్రం దగ్గర ఉండదు. గాడి వైపుకి కొంచెం జరిగి ఉంటుంది. పై కొలతలతో లెక్కేస్తే అది దాదాపు 0.18 ఎంఎం. సెంట్రాయిడ్ ఎంచుకుంటే సీడ్ ఉన్నచోటే ఉంటుంది, మిగతావన్నీ అంత మేర కిందికి దిగుతాయి. స్క్రీన్ మీద కంటికి ఆనదు. డ్రాయింగ్‌లో కొలత పెట్టినప్పుడు 350 రావాల్సిన చోట 349.82 కనిపిస్తే, అరగంట నా స్కెచ్‌నే అనుమానించాను. ఇప్పుడు ప్రతిసారీ సెలెక్టెడ్ పాయింట్ ఎంచుకుని వృత్త కేంద్రాన్నే ఇస్తాను. ఆకారం రెండు వైపులా సమంగా లేని ఏ కటౌట్‌కైనా ఇదే చేయండి.

స్థానాలు ఎక్సెల్‌లో వస్తే టేబుల్ డ్రివెన్ ప్యాటర్న్ ఉంది. ముందు ఒక కోఆర్డినేట్ సిస్టమ్ పెట్టుకుని, ఎక్స్, వై విలువలు టెక్స్ట్ ఫైల్ నుంచి ఎక్కించొచ్చు. వందకి పైగా కన్నాలుంటే ఇదే నయం. అయితే అందులో ఉన్నవి ఉత్త అంకెలే. "ఈ రెండూ ఒకే వరసలో ఉండాలి" అని దానికి చెప్పే దారి లేదు. అందుకే డోర్లకి నేను స్కెచ్‌నే వాడతాను.

లోటు లేదని చెప్పను. కాపీలన్నీ సీడ్ ఎటు తిరిగి ఉంటే అటే ఉంటాయి. ఒక్కో పాయింట్ దగ్గర ఒక్కో కోణంలో తిప్పుదామంటే కుదరదు. బటన్ గాడి ఎప్పుడూ పైకే కాబట్టి నాకు చాలావరకు ఇబ్బంది లేదు. అడ్డంగా పెట్టాల్సిన కటౌట్లు వచ్చినప్పుడు మాత్రం ఇంకో సీడ్, ఇంకో స్కెచ్ తప్పదు. వంపు వెంట తిరుగుతూ పోవాలంటే కర్వ్ డ్రివెన్ ప్యాటర్న్ చూడాలి. పాయింట్‌కో కోణం ఇచ్చే వీలు ఇందులోనే ఉంటే ఎంత బాగుండేదో.

కన్నాలు ఎక్కువై రీబిల్డ్ (మార్పు తర్వాత మోడల్ మళ్లీ లెక్కకట్టుకోవడం) నెమ్మదిస్తే, సీడ్ ఆకారాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసే జామెట్రీ ప్యాటర్న్ టిక్ చేయండి. చదునైన 2 ఎంఎం షీట్‌లో ఆర్‌పార్ కన్నాలకి దానివల్ల నష్టమేమీ లేదు. కట్ లోతు ఒక్కోచోట ఒక్కోలా మారాల్సి ఉంటే మాత్రం వాడకండి, అన్నిచోట్లా సీడ్ లోతే కాపీ అవుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది, భాగాలన్నీ కలిపి కూర్చే అసెంబ్లీలో కనిపిస్తుంది. సీడ్ కన్నంలో ఒక్క బటన్ మేట్ చేసి (జతపరిచి) ప్యాటర్న్ డ్రివెన్ కాంపొనెంట్ ప్యాటర్న్ ఇస్తే, మిగతా కన్నాల్లో బటన్లు వాటంతటవే కూర్చుంటాయి. మొన్న సాయంత్రం ఆరింటికి ఒక పంపుహౌస్ ప్యానెల్‌కి నాలుగో రివిజన్ వచ్చింది, మూడు బటన్లు 40 ఎంఎం ఎడమకి జరపమని. మూడు కొలతలు మార్చాను. కన్నాలు జరిగాయి, బటన్లు జరిగాయి, డ్రాయింగ్‌లో కొలతలు మారాయి. డీఎక్స్‌ఎఫ్ (డ్రాయింగ్ ఫైల్) తీసి పంచింగ్ మెషిన్ దగ్గర తమ్ముడికి ఇచ్చి ఆరున్నర బస్సుకే ఇంటికెళ్లాను.