యజమానిని పట్టుకోవాలా, కొనేవాణ్ణి పట్టుకోవాలా?

ఫ్లోరిడాలోని ఇమ్మోకలీ టమాటా తోటల్లో కోత కూలి బకెట్ లెక్కన ఇస్తారు. ఒక బకెట్‌లో 32 పౌండ్లు, అంటే దాదాపు పద్నాలుగున్నర కిలోలు పడతాయి. నింపి, భుజాన పెట్టుకుని, ట్రక్కు దాకా పరిగెత్తి పైకి విసిరితే ఒక టోకెన్ చేతిలో పడేది. ఏళ్ల తరబడి ఆ టోకెన్ విలువ 40 నుంచి 50 సెంట్లు. వంద బకెట్లు మోస్తే టన్నున్నర టమాటా, చేతికి మాత్రం 50 డాలర్లలోపే. పైగా అంచు దాకా నింపితే మేస్త్రి ఒప్పుకునేవాడు కాదు, అంచు మీద ఇంకో కుప్ప ఉండాలి. ఆ కుప్పకి కూలి లేదు. పది బకెట్లకి ఒకటి ఊరికే మోసినట్టు.

మోసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా, హైతీల నుంచి వచ్చినవాళ్లు. చాలామందికి అమెరికాలో ఉండేందుకు కాగితాలుండవు. నోరెత్తితే రేపు పనికి పిలవరు. అయినా అమెరికాలో ఇలాంటివాళ్లు గెలిచారు, అదీ ఒకే దారిలో కాదు. కాలిఫోర్నియా ద్రాక్ష కూలీలు యూనియన్ పెట్టి యజమానితో ఒప్పందం రాయించుకున్నారు, తర్వాత చట్టం తెచ్చుకున్నారు. ఫ్లోరిడావాళ్లు యజమానిని పక్కనపెట్టి సరుకు కొనే పెద్ద కంపెనీల మీద పడ్డారు. నార్త్ కరోలినా దోసకాయ తోటల కూలీలు యజమానినీ కంపెనీనీ ఒకేసారి పట్టుకున్నారు. వీటిలో ఏది మేలు?

కాలిఫోర్నియా అనగానే కూలీల నాయకుడు సీజర్ చావెజ్ పేరు చెప్పి ఊరుకుంటాం. నిజానికి 1965 సెప్టెంబర్ 8న డెలానోలో ముందు పని ఆపింది లారీ ఇట్లియాంగ్ వెంట నడిచిన ఫిలిప్పీన్స్ కూలీలు. చావెజ్, డొలొరెస్ హ్యుర్టాల సంఘం వాళ్లతో కలిసింది వారం తర్వాత. వీళ్లు పని ఆపితే యజమానులు వేరేచోట నుంచి మనుషులను దింపేవాళ్లు. దాంతో సమ్మెను తోటలోంచి బజారుకు తెచ్చారు, ద్రాక్ష కొనొద్దని ఊరూరా తిరిగారు. ఇక్కడో తమాషా ఉంది. 1935 నాటి కార్మిక చట్టం పొలం కూలీలను తన పరిధిలోకే రానివ్వలేదు. ఫలానా సరుకు అమ్ముతున్నారని షాపుల మీద బాయ్‌కాట్ పెట్టకూడదంటూ తర్వాత యూనియన్లకు పెట్టిన ఆంక్ష కూడా అందుకే వీళ్లకు తగల్లేదు. వద్దన్న చట్టమే అలా కలిసొచ్చింది. 1970 జులైలో డెలానో యజమానులు సంతకాలు పెట్టారు.

మూడేళ్లకు ఒప్పందాల గడువు తీరింది. చాలామంది యజమానులు కూలీలను అడక్కుండానే టీమ్‌స్టర్స్ అనే మరో యూనియన్‌తో సంతకాలు చేసుకున్నారు. 1973 గొడవల్లో ఇద్దరు సమ్మెకారులు చనిపోయారు. వారిలో ఒకరు యెమెన్ నుంచి వచ్చిన కుర్రాడు, నాగి దైఫల్లా. ఇదంతా చూశాకే 1975లో రాష్ట్రం పొలం కూలీల కోసం విడిగా చట్టం చేసింది. యూనియన్ కావాలో వద్దో, కావాలంటే ఏ యూనియనో రహస్య ఓటుతో తేల్చుకునే హక్కు వచ్చింది. అదే ఏడాది, కూలీల తరఫు లాయర్లు నడిపిన కేసు వల్ల పొట్టి పిడి పారను కూడా నిషేధించారు. నడుం రెండుగా వంచితే తప్ప ఆ పార నేలకు అందదు. ఎవరైనా నిలబడి కనిపిస్తే పని ఆపాడని మేస్త్రికి దూరం నుంచే తెలిసిపోయేది! నన్నడిగితే ఆ కాలంలో ఒప్పందాలన్నిటికన్నా పెద్ద గెలుపు ఆ పార పోవడమే.

కాకపోతే చట్టానికి ప్రభుత్వం ఊపిరి పోస్తూ ఉండాలి. దాన్ని అమలు చేయాల్సిన బోర్డు 1976లోనే డబ్బుల్లేక నెలల పాటు మూతపడింది. యూనియన్ మనుషులు తోటలోకి వెళ్లి కూలీలతో మాట్లాడవచ్చన్న నిబంధనను 2021లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంకో మచ్చ కూడా చెప్పాలి. సమ్మెను విరగ్గొడుతున్నారన్న కోపంతో 1974లో చావెజ్ యూనియనే కాగితాలు లేని కూలీలకు వ్యతిరేకంగా ప్రచారం నడిపింది. వలస కూలీల సంఘమే వలస వచ్చినవాళ్ల మీదకే వెళ్లింది.

ఇమ్మోకలీవాళ్లు 1993 నుంచి కూడబలుక్కుంటూ వచ్చారు. సమ్మెలు చేశారు, నిరాహార దీక్ష చేశారు, ఊళ్లు దాటి నడిచారు. రేటు పెద్దగా కదల్లేదు, ఎందుకంటే యజమాని కూడా ఒకరి కింద నలిగేవాడే. గద్వాల వైపు పత్తి విత్తనాలు సాగుచేసే రైతును కూలి పెంచమంటే, ‘రేటు కంపెనీది, నా చేతిలో ఏముంది’ అంటాడు చూడండి, అలాంటిదే ఇదీ. అందుకే 2001లో టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ మీద బాయ్‌కాట్ మొదలుపెట్టారు. మన స్టూడెంట్లు బీన్ బరీటో కోసం వెళ్లే టాకో బెల్లే. అడిగింది పౌండుకి ఒక్క సెంటు ఎక్కువ. నాలుగేళ్లకు, 2005లో కంపెనీ దిగొచ్చింది. తర్వాత మెక్‌డొనాల్డ్స్, బర్గర్ కింగ్, సబ్‌వే వచ్చాయి, 2014లో వాల్‌మార్ట్ చేరింది.

ఆ సెంటు గురించే అందరూ రాస్తారు కానీ అసలు బలం మరోచోట ఉంది. కొనేవాళ్లు ఒప్పుకున్నది డబ్బు ఒక్కటే కాదు, రూల్స్ తప్పిన తోట నుంచి సరుకు కొనబోమని కూడా. వెట్టిచాకిరీ, లైంగిక హింస బయటపడి సరిదిద్దుకోకపోతే ఆ యజమాని టమాటా ఈ కంపెనీల్లో దేనికీ వెళ్లదు. రాత్రీ పగలూ పనిచేసే ఫోన్ లైన్ ఉంది, ఫిర్యాదు చేసినవాణ్ణి పనిలోంచి తీసేస్తే అది కూడా తప్పే. అదనపు సెంట్లు జీతం చెక్కులో విడిగా కనిపిస్తాయి. బకెట్ మీద కుప్ప పోయింది. కాగితాలు లేనివాడికి ఇది కోర్టు కన్నా చాలా దగ్గర. లోటు ఎక్కడంటే, పేరున్న కంపెనీ కొనే పంటకే ఈ మందు పనిచేస్తుంది. బర్గర్ల కంపెనీ వెండీస్, సూపర్‌మార్కెట్ల కంపెనీ పబ్లిక్స్ ఏళ్ల తరబడి అడిగినా చేరలేదు. వాళ్లను చేర్చే చట్టమేదీ లేదు.

నార్త్ కరోలినా సంగతి చిన్నదే గానీ మనకు దగ్గరిది. అక్కడి కూలీలు పొలం పనికి తాత్కాలికంగా ఇచ్చే హెచ్-2ఏ వీసా మీద వస్తారు. వీసా ఒక్క యజమాని పేరు మీదే, ఉండే ఇల్లూ ఆ యజమానిదే. హెచ్-1బీ మీద ఉండి లేఆఫ్ అయితే 60 రోజుల టెన్షన్ ఎలా ఉంటుందో మనవాళ్లకి తెలుసు. వీళ్లకి ఉద్యోగంతోపాటు పడుకునే మంచమూ పోతుంది. బాల్డెమార్ వెలాస్క్వెజ్ నడిపిన ఫ్లాక్ అనే పొలం కూలీల యూనియన్, ఆ దోసకాయలు కొనే మౌంట్ ఆలివ్ పికిల్ కంపెనీ మీద అయిదేళ్లు బాయ్‌కాట్ చేసింది. 2004లో కంపెనీ, తోటల యజమానుల సంఘం రెండూ సంతకం పెట్టాయి. సుమారు 8,000 మంది వీసా కూలీలకు యూనియన్ ఒప్పందం దక్కింది, అమెరికాలో అలాంటిది అదే మొదలు.

ఒకటే ఎంచుకోమంటే నేను ఫ్లోరిడా దారే అంటాను. చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన మేస్త్రి భయపడడు, సరుకు అమ్ముడుపోదంటే యజమానే మేస్త్రిని అదుపులో పెడతాడు. వీసా మీద వచ్చినవాడికి మాత్రం నా సలహా వేరు. అతన్ని పట్టి పీడించేది ఈ ఏటి కూలి కన్నా, ఫిర్యాదు చేస్తే పై ఏడు పిలుస్తారా లేదా అన్న బెంగ. నార్త్ కరోలినా ఒప్పందంలో పాతవాళ్లకు సీనియారిటీ ఉంది, పేరు తీసేస్తే అడగడానికి యూనియన్ ఉంది.