మత్సుమోతో సెయిచో ఊళ్లు: కొకురాకు రెండు రాత్రులు, కషీకి ఒక సాయంత్రం

జపాన్ నేర నవలల రచయిత మత్సుమోతో సెయిచో రాసిన 'తెన్ తో సెన్' నవల చదివినవాళ్లకు టోక్యో స్టేషన్‌లో 13వ ప్లాట్‌ఫాం చూడాలనిపించడం సహజం. నవలలో 15వ ప్లాట్‌ఫాం మీద నిలిచిన అసకజే రైలు అక్కడి నుంచి అడ్డు లేకుండా కనిపించేది 4 నిమిషాలే. నవల ముడి అంతా ఆ 4 నిమిషాల్లో ఉంది. కానీ ఇప్పుడు అక్కడ 10 తర్వాత వచ్చేది 14. 11, 12, 13 నంబర్లు లేవు. 14, 15 షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ప్లాట్‌ఫాంలు అయిపోయాయి. దానికోసం టోక్యోలో పూట పాడుచేసుకోకుండా నేరుగా క్యూషూ దీవిలోని కొకురా వెళ్లండి.

సెయిచో పెరిగింది, బతుకు ఈడ్చింది ఆ ఊళ్లోనే. బడి చదువు పదిహేనేళ్ల లోపే ఆగిపోయింది. ఆఫీసులో చిన్న ఉద్యోగం, అచ్చుపని, ఆ తర్వాత అసాహీ పత్రికలో ప్రకటనల బొమ్మలు గీసే పని. యుద్ధం అయ్యాక ఇల్లు గడవక చీపుళ్ల బేరం చేస్తూ రైళ్లలో తిరిగాడు. తొలి కథ అచ్చయ్యేసరికి నలభై దాటాయి.

కొకురా కోట పక్కనే ఆయన స్మారక మ్యూజియం. ఆయన 1992 ఆగస్టు 4న పోయారు. సరిగ్గా ఆరేళ్లకు, 1998లో అదే తేదీన దీన్ని తెరిచారు. టికెట్ 600 యెన్‌లు. సోమవారం సెలవు కాబట్టి శని, ఆదివారాలు కలిసేలా వెళ్లడం మేలు. నిషి-కొకురా స్టేషన్ నుంచి 5 నిమిషాల నడక, కొకురా స్టేషన్ నుంచి 15. షింకాన్‌సెన్ ఆగేది కొకురాలోనే. పెట్టెలు అక్కడి లాకర్లో పెట్టి నడవండి.

అన్నిటికన్నా విలువైనది లోపల మళ్లీ కట్టిన ఆయన టోక్యో ఇల్లు: రాతగది, అతిథుల గది, దాదాపు 30,000 పుస్తకాల గది. లోపలికి అడుగుపెట్టనివ్వరు, అద్దం ఇవతలి నుంచే చూడాలి. అయినా ఆ అరల మధ్య దారి ఎంత ఇరుకో చూస్తే, ఆయన ఎన్ని పుస్తకాల మధ్య బతికాడో అర్థమవుతుంది. వివరాలు ఎక్కువగా జపనీస్‌లోనే. ఫోన్ కెమెరా అనువాదం అచ్చు అక్షరాలకు పనికొస్తుంది, చేతిరాత ప్రతుల దగ్గర తడబడుతుంది. అందుకే ముందు జీవిత కాలక్రమం ముందు నిలబడి, ఆ తర్వాత ప్రతులకు వెళ్లండి. మొత్తానికి మూడు గంటలు పెట్టుకోండి.

రెండో రోజు పొద్దున కజిమాచి పేటలో పాతతరం రచయిత మోరి ఓగాయి ఉన్న ఇల్లు చూడండి. ఓగాయి కొకురాలో రాసుకున్న డైరీ చాలాకాలం దొరకలేదు. దాన్ని వెతికే మనిషి కథే సెయిచోకు జపాన్‌లో పేరున్న సాహిత్య పురస్కారం అకుతాగవా బహుమతి తెచ్చింది. ఇల్లు చిన్నది, అరగంట చాలు.

బసకు హకాతా (ఫుకుఓకా నగరపు పెద్ద స్టేషన్ ప్రాంతం) కన్నా కొకురా స్టేషన్ చుట్టుపక్కలే మా ఓటు. హకాతాలో పెద్ద కచేరీలు ఉన్న వారాంతాల్లో గదులు దొరకవు, దొరికినా అద్దె మండిపోతుంది. అయితే ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది: జేఆర్ క్యూషూ రైల్వే కంపెనీ పాస్ కొకురా, హకాతా మధ్య షింకాన్‌సెన్‌లో చెల్లదు. ఆ ముక్క నడిపేది జేఆర్ వెస్ట్ అనే వేరే కంపెనీ. ఆ పాస్‌తో సోనిక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి; షింకాన్‌సెన్‌కు 16 నిమిషాలు పట్టే దూరానికి అది ముప్పావు గంట వరకు తీసుకుంటుంది.

'తెన్ తో సెన్'లో జంట శవాలు ఒడ్డున దొరికే కషీకి సాయంత్రం వెళ్లాలి. హకాతా నుంచి జేఆర్ రైల్లో పది నిమిషాలు. జేఆర్ కషీలో దిగి ప్రైవేటు రైల్వే నిషితెత్సు వాళ్ల కషీ స్టేషన్ దాకా మామూలుగా నడుస్తూ గడియారం చూడండి. 6, 7 నిమిషాలు పడుతుంది. నవలలో ఆ రెండు స్టేషన్ల దగ్గర కనబడిన జంటల మధ్య తేడా 11 నిమిషాలు. మిగిలిన ఆ నాలుగైదు నిమిషాలు పోలీసులను ఎంత ఏడిపించాయో కాళ్లకే తెలుస్తుంది. సెయిచో చోట్లలో ఇంత చవగ్గా, ఇంత స్పష్టంగా పుస్తకంలోకి దిగగలిగేది మరొకటి లేదు. సముద్రపు ఒడ్డు మాత్రం ఆశించకండి. తీరం పూడ్చి కాంక్రీటు కట్టేశారు, నీళ్లలో చిన్న తోరీ (షింతో గుడి ద్వారం) మిగిలింది. తిరిగి నిషితెత్సులో కైజుకా వరకు వచ్చి సబ్‌వే అందుకోవచ్చు, కానీ అక్కడ జేఆర్ పాస్ పనిచేయదు.

సెయిచో మరో నవల 'సునా నో ఉత్సువా'లోని కమెదకే ఊరికి మరో రెండు రోజులు ఉంటేనే వెళ్లాలి. మత్సుఏలో బస చేసి, షింజిలో కిసుకి లైన్ ఒంటి పెట్టె డీజిల్ రైలు ఎక్కాలి. రైళ్లు బాగా తక్కువ: ముందు తిరుగు రైలు వేళ రాసుకున్నాకే బయలుదేరండి. మంచుకాలంలో రైళ్లు రద్దవుతుంటాయి. స్టేషన్ ఒకచోట, ఊరు కిలోమీటర్ల దూరంలో మరోచోట. ఆ నవల మీద తీసిన 1974 సినిమాలో కనిపించేది కూడా ఈ స్టేషన్ కాదు, వేరే స్టేషన్లలో తీశారు. స్టేషన్ భవనంలోనే సోబా (జపనీస్ నూడుల్స్) దుకాణం ఉంది, బాగుంటుంది. శాకాహారులు మాత్రం పులుసు గురించి ముందే అడగాలి, సాధారణంగా ఎండు చేపతో కాస్తారు.