సాల్మన్ పేలకు ఏది మేలు: మందా, వేడినీళ్లా, క్లీనర్ చేపలా?

నార్వే తీరంలో వలల్లో సాల్మన్ పెంచేవాళ్లకు ఏడాది పొడుగునా ఒకటే లెక్క: చేపకు ఎన్ని పేలు? ఎదిగిన ఆడ పేలు సగటున చేపకు 0.5 దాటకూడదని అక్కడి నిబంధన. పిల్ల సాల్మన్లు నదుల నుంచి సముద్రంలోకి దిగే వసంతంలో కొన్ని వారాలైతే 0.2 దాటకూడదు. ఈ పేను చేప ఒంటి జిగురునూ చర్మాన్నీ రక్తాన్నీ తిని పుండ్లు చేస్తుంది.

పనిలో తేలిక మందుదే. ఎమామెక్టిన్ మేతలో కలిపి పెడితే సరి. అందుకే అందరూ దాన్నే పట్టుకున్నారు, పేలు దానికి లొంగడం మానేశాయి. గుల్ల కట్టనివ్వకుండా చంపే డైఫ్లూబెంజురాన్ లాంటివి ఇంకా చిక్కు. పొర విడిచి పెరిగే రొయ్యకూ పీతకూ అవి విషమే. రొయ్యల చెరువున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వేడినీళ్ల పద్ధతిలో చేపల్ని పంపుతో లాగి, 28 నుంచి 34 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి వదులుతారు. పేలు రాలతాయి, మందు జాడ ఉండదు. కానీ ఆ వేడికి సాల్మన్ నొప్పితో గిలగిల్లాడి తొట్టి గోడలకు కొట్టుకుంటుంది. అసలే నీరసంగా ఉన్న చేపైతే బతకడం కష్టం.

ఇక క్లీనర్ చేపలు. 1980ల చివర్లో మొదలైన ప్రయోగం ఇది. సాల్మన్ ఒంటి మీది పేనును ఏరుకుతినే చేపల్ని అదే వలలో వదలడం. వీటిలో ర్యాస్ జాతివి చురుకైనవి, కానీ నీళ్లు బాగా చల్లబడితే మందగిస్తాయి. రాత్రి పడుకోవడానికి వాటికి చాటు కావాలి, అందుకే ప్లాస్టిక్ నాచు వేలాడదీస్తారు. చాలామటుకు సముద్రంలో పట్టి తెచ్చినవే, అంటే సముద్రంలోని సహజ చేపల సంపదకు గండి. లంప్‌ఫిష్ చలికి తట్టుకుంటుంది, హేచరీలో కొన్ని నెలల్లో పనికొస్తుంది. పొట్ట కింద ఉన్న, గట్టిగా పట్టేసే బిళ్లలాంటి భాగంతో నున్నటి పలకకు అతుక్కుని సేద తీరుతుంది. దాని గొడవల్లా ఒకటే: వదిలినవన్నీ పేలు తినవు. కొన్నే తింటాయి, పెద్దయ్యాక అవీ సాల్మన్ మేతకు మరుగుతాయి.

నా ఓటు క్లీనర్ చేపలకే, అదీ పేలు తక్కువగా ఉన్నప్పుడే. దక్షిణాన ర్యాస్, చలి ఎక్కువున్న ఉత్తరాన లంప్‌ఫిష్. పేలు ముదిరాక ఇవి ఆదుకోలేవు, అప్పుడు వేడినీళ్లే గతి. పైగా రెండూ కలవవు: వేడినీళ్లకు ముందు క్లీనర్ చేపల్ని ఏరి బయటపెట్టాలి, లేకపోతే ఆ తోపులాటలో అవే ముందు చస్తాయి. అసలు మామూలుగానే వాటి చావులు విపరీతం. సాల్మన్ పట్టుబడికొచ్చేసరికి వదిలినవాటిలో ఎన్ని మిగిలాయో చాలాచోట్ల సరైన లెక్కే ఉండదు. చాటు, మేత, టీకా చూసుకునే ఓపిక లేనివాళ్లు ఈ దారి పట్టకపోవడమే నయం.

కొల్లేరు వైపు రోహు, కట్లకు పట్టే ఆర్గ్యులస్ పేను వేరే జాతి. అక్కడికి ఈ చల్లటి సముద్రపు చేపలు పనికిరావు. ఆ పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది కాబట్టి, చెరువులో వెదురు కర్రలు పాతి, గుడ్లు పడ్డాక తీసి ఎండబెట్టడం చవకైన పని.