అమ్మ బాత్రూమ్: మూడేళ్ళ వాడకంలో ఏది నిలిచింది, ఏది పోయింది

మాది హైదరాబాద్ నల్లకుంటలో పాత అపార్ట్‌మెంట్. బాత్రూమ్ వెడల్పు అయిదడుగులు, పొడవు ఏడు. పక్షవాతం వచ్చాక అమ్మకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనంలో లేవు. పక్కన మనిషి ఉంటే కర్రతో నాలుగడుగులు వేస్తుంది, నీరసంగా ఉన్న రోజు చక్రాల కమోడ్ చైరే.

మొదట, పట్టుకోవడానికి గోడకు బిగించే రాడ్ల సంగతి. ట్రూప్ బజార్‌లో షాపువాళ్ళు కమోడ్ పక్క గోడకు ఒకటి, షవర్ దగ్గర ఒకటి అని సెట్టుగా చూపించారు. మా కమోడ్ పక్క గోడ, అమ్మ కూర్చుంటే ఎడమవైపు వస్తుంది. అక్కడ ఎంత మంచి రాడ్ పెట్టినా తువ్వాలు వేసుకోవడానికే. అందుకని వెనక గోడకు బిగించి, కుడివైపుకు దించుకునే మడత రాడ్ పెట్టించాం. ఇంకో తిరకాసు ఉంది. లోపలికి వెళ్ళేటప్పుడు కుడివైపున్న గోడ, బయటికొచ్చేటప్పుడు ఎడమవైపు అవుతుంది. కాబట్టి గుమ్మం దగ్గర రెండు గోడలకూ రాడ్లు కావాలి. ఇది ఫిజియోథెరపిస్ట్ చెప్పిన మాట. డ్రిల్లింగ్ మొదలుపెట్టకముందే ఆయన అమ్మను కూర్చోబెట్టి, లేపి, చెయ్యి ఎక్కడికి పోతోందో చూసి గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టారు. ఆ గీతల మీద బిగించిన రాడ్లు ఇప్పటికీ కదల్లేదు. "తలుపు దగ్గరికేసి నువ్వు బయట కూసో బిడ్డా" అని అమ్మ ఇప్పుడు అనగలుగుతోందంటే వాటి వల్లే.

మాది ఎర్ర ఇటుక గోడ, యాంకర్ బోల్టులు గట్టిగా కూర్చున్నాయి. కొత్త ఫ్లాట్లలో తేలిక బ్లాకుల గోడలైతే మామూలు బోల్టును నమ్మకండి, రంధ్రంలో జిగురు నింపి బోల్టును అతికించే కెమికల్ యాంకర్ గురించి అడగండి. రబ్బరు కప్పుతో టైల్‌కు అతుక్కునే హ్యాండిళ్ళయితే అసలే వద్దు. ఎప్పుడు ఊడతాయో వాటికే తెలియదు.

తలుపు సందు 900 మిల్లీమీటర్లు ఉండాలని వికలాంగుల సౌకర్యం కోసం కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. మాకున్నది 26 అంగుళాలు, అంటే 660. పగలగొడదామంటే పక్కనే పిల్లర్. చైర్ వెడల్పు 22 అంగుళాలే కాబట్టి గుమ్మాన్ని అలాగే ఉంచి, తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాం. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపును తోయలేం కదా. చైర్ గుమ్మం దాటేటప్పుడు అమ్మ మోచేతులు ఒళ్ళోకి తీసుకోవాలి, అంతే.

ఖర్చులో సగం నేలకే పోయింది. గడప రాయి తీసేసి, నేలను హాలు మట్టానికి ఎత్తి, అవతలి గోడవైపు వాలు ఇప్పించాం. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్ళు నిలిపి చూసి, కింది ఫ్లాట్‌లో చెమ్మ లేదని తేలాకే టైల్స్ వేయమన్నాను. "ఏం గాదక్కా, ఎన్ని చెయ్యలే" అని మేస్త్రీ గొణిగాడు. గుమ్మం దగ్గర నీళ్ళు దిగిపోవడానికి వేసిన పొడవాటి జాలీ వల్ల హాల్లోకి చుక్క రాదు. వెంట్రుకలు మాత్రం వారం వారం తీయాల్సిందే.

గరుకు టైల్స్ మీద నా అభిప్రాయం అంత గొప్పగా లేదు. కాలు జారదు, నిజమే. కానీ మా బోరు నీళ్ళ ఉప్పు ఆ గరుకులో పేరుకుని తెల్లగా అవుతుంది. పనామె యాసిడ్ పోసి కడిగేసరికి స్టీల్ రాడ్లకు గోధుమరంగు మచ్చలు వచ్చాయి. తుప్పు పట్టదనుకునే 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా ఆ యాసిడ్ ఆవిరికి ఆగదు. ఇప్పుడు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీళ్ళలో కలిపి కాసేపు నాననిచ్చి రుద్దుతున్నాం. మెల్లగా పోతుంది, పోతుంది గానీ.

కమోడ్ ఎత్తు పెంచడానికి ప్లాస్టిక్ సీటు కొన్నాం. అమ్మ ఒకపక్కే బరువు వేస్తుంది కాబట్టి అది ఊగేది. తీసేసి కమోడ్ కిందే సిమెంట్ గట్టు కట్టించాం. ఇప్పుడు సీటు నేలనుంచి పద్దెనిమిది అంగుళాల పైన ఉంది, లేవడం తేలికైంది.

ఎడమవైపు చర్మానికి వేడి తెలియదు. అందుకే గీజర్ థర్మోస్టాట్ తగ్గించేశాం, నీళ్ళను ఎప్పుడూ కుడిచేత్తోనే చూసుకోమంటాం. చైర్ చక్రాలే అన్నిటికంటే ముందు చెడిపోయాయి. ఉప్పు నీళ్ళకు బ్రేకులు బిగుసుకుపోయి ఒకసారి మార్పించాం, మళ్ళీ కిర్రుమంటున్నాయి. కొనేటప్పుడు విడి చక్రాలు దొరుకుతాయా అని అడిగి కొనండి.