జాగ్రత్త!! లైవ్ కథల పోటీ, అందులో విరాళాలు... డబ్బులేసే ముందు ఇది చదవండి (పర్లాకిమిడి నుంచి)

మళ్ళీ అదే బ్యాచ్ కొత్త పేరుతో దిగిందండి. నిన్న రాత్రి బరంపురం నుంచి మా చెల్లి ఒక పోస్టర్ ఫార్వర్డ్ చేసింది, లైవ్‌లో కూర్చుని కథ రాసే పోటీ, ఎంట్రీ 249, వచ్చిన డబ్బంతా ఉద్దానం కిడ్నీ పేషెంట్లకట, అక్కా నువ్వు రాస్తావు కదా చూడు అని. చూశాను. కింద ఫోన్ నంబర్ కనపడగానే ఒళ్ళు మండిపోయింది, 2024లో బుడమేరు వరదలప్పుడు నేను డబ్బులేసిన నంబరే అది. పేరు మార్చారు, లోగో మార్చారు, నంబర్ మార్చడం మర్చిపోయారు పాపం. వాళ్ళ పేరు ఇక్కడ రాయను, నా దగ్గరున్నవి నా లెక్కలూ నా స్క్రీన్‌షాట్లే కాబట్టి. ఏం జరిగిందో మాత్రం చెప్తాను, పోస్టర్ మీ దాకా వస్తే మీరే పోల్చుకుంటారు.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పిల్లలకి బళ్ళో ఒడియా, ఇంగ్లీషు. నేను ఇంట్లోనే ట్యూషన్లు చెప్తాను, తీరిక దొరికితే చిన్న చిన్న కథలు రాస్తాను. ఇక్కడ తెలుగు కథ రాస్తే చదివేవాళ్ళు వీధికి ఇద్దరు, అందులో ఒకరు మా ఆయన, ఆయనది కూడా మొహమాటమే. అందుకే ఆన్‌లైన్ పోటీ, పైగా వరద బాధితుల కోసం అనేసరికి ముందూ వెనకా చూడకుండా 199 కట్టేశాను. సెప్టెంబర్ 1న విజయవాడ మునిగింది కదా, పోటీ ఎనిమిదో తారీఖు ఆదివారం, చవితి మర్నాడు. ఇంట్లో ఉండ్రాళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి, నేను ఫోన్ కి స్టాండ్ పెట్టుకుని కూర్చున్నాను.

రూల్స్ అని ఒక గూగుల్ డాక్ పంపారు, రెండు పేజీలు. అందులో నాకు బాగా గుర్తున్న లైను, విరాళాల్లోంచి ఒక్క రూపాయి కూడా మేము ముట్టుకోము, ప్రైజు స్పాన్సర్ ఇస్తారు అని. ఆ లైను చూసే నేను మా వీధి గ్రూపులో వాళ్ళ విరాళాల క్యూఆర్ కోడ్ పెట్టాను, అక్కడే చేసిన తప్పు. ఆ డాక్ ని నేను కాపీ చేసుకోలేదు, స్క్రీన్‌షాట్ తీసుకోలేదు. డాక్ వాళ్ళది, ఎడిట్ వాళ్ళ చేతిలో ఉంటుంది, పోటీ అయిన నాలుగో రోజు తెరిచి చూస్తే ఆ లైను "నిర్వహణ ఖర్చులు పోను మిగిలిన మొత్తం" అయిపోయింది.

ఇక లైవ్ సంగతి. 64 మంది ఎంట్రీలు అన్నారు, చివరికి ఎనిమిది మందిమి స్క్రీన్ మీద, తొంభై నిమిషాలు, అంశం అప్పటికప్పుడు ఇస్తారు, మనం టైప్ చేస్తుంటే కర్సర్ కదలడం కూడా అందరికీ కనిపిస్తుంది. అది బానే ఉంది, నిజంగా థ్రిల్లే. కానీ మధ్యలో మొదలైంది అసలు ఆట. వంద వేస్తే మీకు నచ్చిన రైటర్ కి రెండు నిమిషాలు ఎక్స్‌ట్రా. మూడొందలు వేస్తే ఎదుటి రైటర్ కథలో మీరు చెప్పిన మాట పెట్టి తీరాలి. నేను రాస్తున్నది నీళ్ళు తీసిన ఇంట్లో ముసలామె తడిసిన బియ్యం మేడ మీద ఆరబెట్టుకుంటున్న కథ, ఎవరో మూడొందలు కొట్టి "హెలికాప్టర్" అన్నారు, సరే వరద కదా ఎలాగో ఇరికించాను, ఇంకో మహానుభావుడు "బిర్యానీ" అన్నాడు. తడి బియ్యం దగ్గర బిర్యానీ ఏటండి?! రాశాను మరి, రూలు కదా.

యాంకర్ కుర్రాడు నన్ను చూపించి, గిడుగు రామమూర్తి గారి ఊరి నుంచి వచ్చిన అక్క, అక్క కోసం ఒక్క వంద కొట్టలేరా అని అరుస్తాడు. గిడుగు వారు ఇక్కడ రాజావారి బళ్ళో పాఠాలు చెప్పిన మాట నిజమే, వాడుక భాష కోసం ఆయన ఎంత కొట్లాడారో అందరికీ తెలుసు, 1936లో ఊరు ఒడిశాలో కలిసిందని ఆయన రాజమండ్రి వెళ్ళిపోయిన మాటా నిజమే. ఆయన పేరుకి వంద రూపాయల రేటు కట్టడం ఆ రోజే చూశాను. నేనూ కాదనలేదు లెండి, నవ్వుతూ కూర్చున్నాను, గెలవాలని ఆశ.

స్క్రీన్ మూల ఒక మీటర్ తిరుగుతూ ఉంది, ముగిసేసరికి 1,86,400. చప్పట్లు, యాంకర్ కళ్ళనీళ్ళు, "రేపు ఉదయమే విజయవాడ చేరుతుంది" అన్న మాట. నేను కూడా ఏడ్చానండి, ఆపుకోలేక.

తర్వాత రికార్డింగ్ ఉన్నన్నాళ్ళు మా ట్యూషన్ కుర్రాడు ప్లస్ టూ వాడు కూర్చుని యాంకర్ చదివిన ప్రతి అంకె నోట్‌బుక్ లో రాశాడు. వాడి లెక్క ఇది. అందులో 50,000 ఎవరో స్పాన్సర్ "మీరు వేసినదానికి జోడిస్తాను" అన్న మాట, డబ్బు కాదు, మాట. దాన్ని ముందే మీటర్ లో కలిపేశారు. ఇంకో 38,000 సూపర్ చాట్ (యూట్యూబ్ లైవ్ చాట్ లో డబ్బు కట్టి పెట్టే మెసేజ్). ఇది చాలామందికి తెలీదు, నాకూ తెలీదు, సూపర్ చాట్ లో వేసినదాంట్లో 30 శాతం యూట్యూబ్ తీసుకుని 70 శాతమే ఛానల్ కి ఇస్తుంది, అది కూడా ఆ ఛానల్ సంపాదన కింద, మరుసటి నెల 21 నుంచి 26 లోపల. అంటే మొత్తం పోకపోయినా 11,400 అక్కడే తరుగు, మిగతా 26,600 అక్టోబర్ ఆఖరి దాకా వాళ్ళ చేతికే రాదు, మరి రేపు ఉదయం విజయవాడ ఎలా చేరుతుంది? ఇంక 64 ఎంట్రీలు 199 చొప్పున 12,736, దాన్నీ విరాళాల్లోనే చూపించారు. ఇవన్నీ తీసేస్తే నిజంగా జనం యూపీఐలో వేసింది 85 వేల చిల్లర. పది రోజులు అడగ్గా అడగ్గా పెట్టిన పోస్టులో "41,000 అందజేశాం" అని ఉంది, పక్కన ఒక ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్, కింద యూటీఆర్ నంబర్ (ప్రతి లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబర్) ఉండాల్సిన చోట కత్తిరించేసి ఉంది. ఎవరికి అందజేశారంటే "లోకల్ వాలంటీర్లకి". మిగతాది ప్రైజు, టెక్నికల్ టీం, బ్యానర్. ఆన్‌లైన్ పోటీకి బ్యానర్ ఎక్కడ కట్టారో ఆ పైవాడికే తెలియాలి.

వాళ్ళని దొంగలు అని నేను అనట్లేదు. లెక్క చెప్పలేదు అంటున్నాను, అడిగితే బ్లాక్ చేశారు అంటున్నాను. 41,000 నిజంగానే ఎవరికైనా అందిందేమో కూడా.

రసీదు కథ ఇంకోటి. పీడీఎఫ్ వచ్చింది, రంగురంగులుగా, కింద "80జీ పన్ను మినహాయింపు వర్తిస్తుంది" అని. రిజిస్ట్రేషన్ నంబర్ లేదు, పాన్ లేదు. నేను యూపీఐలో వేసినప్పుడు పోటీ పేరే కనిపించింది, బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే ఎవరో ఒక మనిషి పేరు. మనిషి సొంత ఖాతాకి వేస్తే 80జీ ఎక్కడిదండి, అది ఆదాయ పన్ను శాఖ దగ్గర అనుమతి తెచ్చుకున్న ట్రస్టులు, సొసైటీల్లాంటి సంస్థలకే ఉంటుంది, వాళ్ళు కూడా మన పేరు పాన్ తో రిటర్న్ వేసి 10బీఈ అనే సర్టిఫికెట్ మే 31 లోగా ఇవ్వాలి. 2025 మే 31 వచ్చింది, వెళ్ళింది, నాకు ఏదీ రాలేదు. పైగా ఎంట్రీ ఫీజు, ఎక్స్‌ట్రా నిమిషాల కోసం వేసిన వందలు అసలు విరాళమే కావు, బదులుగా ఏదో తీసుకున్నాం కదా. మా ఆడిటర్ బాబాయి నవ్వి, అమ్మా నువ్వున్నది కొత్త ట్యాక్స్ పద్ధతి, నీకు 80జీ ఉన్నా పనికిరాదు అన్నారు, అదొక ఓదార్పు.

అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు కూడా వంద డాలర్లు పంపాడు, వాడికి ఇప్పుడు అక్కడి పౌరసత్వం. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు తమ సొంత డబ్బు పంపితే ఇబ్బంది లేదు గానీ, పాస్‌పోర్ట్ మారిపోయిన వాళ్ళది విదేశీ విరాళం కిందే లెక్క, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థ కావాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వాళ్ళ ఖాతాలోనే ముందు పడాలి. వీళ్ళు పోస్టర్ మీద "ఎన్నారై అన్నలు, అక్కలు ఈ పేపాల్ కి" అని ఒక పర్సనల్ ఐడీ వేసేశారు. తెలిసి చేశారో తెలీక చేశారో.

నాకు మనసు విరిగింది 1,199 కోసం కాదు (199 ఎంట్రీ, వెయ్యి నేను విడిగా వేసింది). మా వీధి నుంచి 23 మంది నా మొహం చూసి 6,350 ఇచ్చారు. మూల మీద కొమ్ము బొమ్మలు చేసే పెద్దాయన, ఆయనకి ఫోన్‌పేలు రావు, అరుగు మీద కూర్చుని కొంగ మెడకి మెరుగు పెడుతున్నవాడు చేతి పొడి లుంగీకి తుడుచుకుని, జేబులోంచి మడతలు పడ్డ ఐదొందల నోటు తీసి, అమ్మా మన తిత్లీ తుఫాను అప్పుడు విజయవాడవాళ్ళూ పంపారు కదా అన్నాడు. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని కూడా ఊడ్చేసింది, కొండచరియలు పడి మనుషులు పోయారు. అప్పుడు మా వీధి కుర్రాళ్ళు చందాలు పోగేసి రామమందిరం గోడకి చార్టు పేపర్ అంటించారు, ఎవరు ఎంత, ఏ రోజు ఏం కొన్నారు, టార్పాలిన్లు ఎన్ని, కిరాణా బిల్లు పిన్నుతో గుచ్చి. పదో తరగతి పిల్లలండి వాళ్ళు! వాన పడి సిరా కారినా ఆ పేపర్ చాన్నాళ్ళు ఉంది. పెద్దాయన ఈ మధ్య కనపడినప్పుడల్లా "అమ్మా, చేరిందా?" అంటాడు, నేను "ఆ" అని తల ఊపి పక్క సందులోంచి వెళ్ళిపోతున్నాను.

ఇప్పుడు ఈ కొత్త పోస్టర్ మీ గ్రూపులోకి వస్తే కట్టేముందు అడగండి, మొహమాటం వద్దు. డబ్బు ఎవరి పేరు మీద పడుతుంది అని మొదట. 2025 జూన్ 30 నుంచి యూపీఐలో కట్టేటప్పుడు బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరే చూపించాలని రూలు వచ్చింది, కాబట్టి పిన్ కొట్టేముందు ఆ పేరు చదవండి, ట్రస్టు పేరు కాకుండా మనిషి పేరు వస్తే అక్కడే ఆగిపోండి. ట్రస్టు అంటే నంబర్ అడిగి ఆదాయ పన్ను వెబ్‌సైట్ లో, నీతి ఆయోగ్ వాళ్ళ ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల జాబితా) లో పేరు కొట్టి చూడండి, ఐదు నిమిషాల పని. ఎంట్రీ ఫీజు వేరు, విరాళం వేరు అని రాసి ఉందా చూడండి, ప్రైజు ఎక్కడినుంచి వస్తుందో చూడండి, జోడిస్తానన్న స్పాన్సర్ డబ్బు నిజంగా పడిందా అని లైవ్ చాట్ లోనే అడగండి (నేను అడిగితే మ్యూట్ చేస్తారు, పది మంది అడిగితే చెయ్యలేరు). రూల్స్ ఆ రోజే పీడీఎఫ్ చేసి దాచుకోండి. అన్నిటికంటే సుఖం ఇంకోటుంది, పోటీవాళ్ళ చేతిలో అసలు పెట్టకుండా మీ విరాళం నేరుగా ఆసుపత్రికో ముఖ్యమంత్రి సహాయనిధికో మీరే పంపి రసీదు చాట్ లో పెట్టండి. ఒప్పుకోకపోతే వాళ్ళ ఉద్దేశం తెలిసిపోతుంది.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చెయ్యండి, సైబర్ క్రైమ్ పోర్టల్ లో కూడా పెట్టొచ్చు, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, యూటీఆర్ నంబర్ దగ్గర పెట్టుకోండి. ఎంట్రీ ఫీజు గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మనం ఒడిశాలో ఉన్నాం వాళ్ళు ఆంధ్రాలోనో తెలంగాణలోనో అని ఆగిపోవద్దు, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్ లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. నేను ఆ పని ఏడాది ఆలస్యంగా చేశాను, అది నా బద్ధకం, ఎవరినీ అనను.

అప్‌డేట్: ఈ పోస్టు డ్రాఫ్ట్ గ్రూపులో పెట్టిన రెండు గంటలకి ఆ నంబర్ నుంచే మెసేజ్ వచ్చింది, "అక్కా మీ 199 రిఫండ్ చేస్తాం, పోస్టు పెట్టకండి" అని. నాది వద్దు, మా వీధివాళ్ళ 6,350 ఎక్కడికి వెళ్ళిందో యూటీఆర్ నంబర్ పంపండి అన్నాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఇంకా జవాబు లేదు. నంబర్ వస్తే ఇక్కడే పెడతాను, చార్టు పేపర్ కూడా కొనుక్కొచ్చాను.